పొయ్యి తలుపు వంగింది

నాలుగు రోజులు రావాల్సిన కట్టెల మోపు ఒకటిన్నర రోజుకే బూడిదైపోతోంది. చలికాలం ఇంకా సగం కూడా గడవలేదు. ఇల్లు వెచ్చబరిచే ఆ ఇనుప పొయ్యి చేసిన మనిషికే కబురు పెట్టక తప్పదని ఇంటావిడకు తెలుసు. ఆ మనిషి ఆవిడ మరిది. మూడేళ్లుగా ఈ గడప తొక్కనివాడు. అన్న పోయిన రోజున కూడా వాకిట్లోనే నిలబడి, అందరికంటే ముందు వెళ్లిపోయినవాడు.

అన్నదమ్ములిద్దరిదీ ఒకటే వెల్డింగ్ షాపు. వీధిలోవాళ్లు పెద్దమేస్త్రి, చిన్నమేస్త్రి అని పిలిచేవారు. ఒకరోజు పెద్దమేస్త్రి గేటుకు వేసిన అతుకు వంకరపోయింది. అది మొదటిసారి కాదు. పనివాళ్లందరి ముందూ చిన్నమేస్త్రి నోరు జారాడు.

"తాగొచ్చి పని చేస్తే ఇలాగే ఏడుస్తుంది."

పెద్దాయన చేతి తొడుగులు తీసి బల్ల మీద పెట్టి ఇంటికి వెళ్లిపోయాడు. మళ్లీ షాపుకు రాలేదు. కోపం చల్లారాక తనే వస్తాడులే అని తమ్ముడు అనుకున్నాడు. అలా అనుకుంటూనే రెండున్నరేళ్లు గడిచాయి. తర్వాత గుండె ఆగిపోయిందన్న కబురొచ్చింది.

పొయ్యి బాగుచేయమని వదిన పెట్టిన కబురందిన మర్నాడు పొద్దున్నే చిన్నమేస్త్రి పనిముట్ల సంచితో వచ్చాడు. వదిన ముఖం చూడకుండా నేరుగా పొయ్యి ముందు చతికిలబడ్డాడు.

"పొగగొట్టంలో రేకు మూస్తున్నావా వదినా?"

"మూయగలిగినంతా మూస్తున్నాను. అయినా ఆవురావురుమంటూ తినేస్తోంది."

"కట్టెలు మరీ సన్నగా చీలుస్తున్నావేమో."

"చీల్చే ఓపిక నాకెక్కడిది అబ్బాయ్? వచ్చినవి వచ్చినట్టే పెడుతున్నాను."

అతను అగ్గిపుల్ల గీసి పొయ్యి అతుకుల వెంబడే మెల్లగా నడిపించాడు. కింద బూడిద అర దగ్గర మంట కదల్లేదు. తలుపు పైమూలకు వచ్చేసరికి మాత్రం ఎవరో లోపల్నుంచి పీల్చినట్టు లోనికి వంగింది. కాగితం ముక్క పెట్టి తలుపు మూసి లాగాడు. కింద గట్టిగా పట్టుకుంది. పైన ఇట్టే ఊడివచ్చింది.

"దొంగ ఇక్కడున్నాడు. తలుపు సరిగా పడక గాలి దూరుతోంది. పై మడతబందు వంగిపోయింది." చేత్తో తడిమి చూసి నుదురు ముడిచాడు. "వేడికి వంగే ఇనుము కాదిది. నా చేత్తో చేశాను. దీని మీద ఎవరైనా వేలాడారా?"



"మీ అన్నయ్య," అంది. "కింద కూర్చుని కట్టె పెట్టేవారు. లేవబోతే కాళ్లు సహకరించేవి కాదు. చేతికి గుడ్డ చుట్టుకుని, ఆ తలుపు పట్టుకుని లేచేవారు. నేను పట్టుకుంటానంటే ఒప్పుకుంటేనా? 'మా తమ్ముడు చేసిన తలుపే, ఏనుగు వేలాడినా ఊడదు' అనేవారు."

"కాళ్లకేమైంది?"

"ముందు చేతులు. వణుకుడు. తర్వాత కాళ్లు. నరాల జబ్బన్నాడు డాక్టరు. షాపు మానేసిన ఏడాదికి తెలిసింది. అంతకుముందు నుంచే ఉందిట."

చిన్నమేస్త్రి చేతిలో స్పానర్ అలాగే ఉండిపోయింది. "నేను తాగాడనుకున్నాను."

"ఆయన తాగగా నువ్వెప్పుడైనా చూశావా?"

చూడలేదు. ఒక్కసారి కూడా చూడలేదు.

"నాకు చెప్పాల్సింది వదినా."

"చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. వాడు కోపంతో రాకపోయినా పర్లేదు, జాలిపడి మాత్రం రాకూడదన్నారు." ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుంది. "నేనైనా ఒట్టు తీసి గట్టున పెట్టి చెప్పాల్సింది. నాకూ నీ మీద కోపమే. ఆ ఒట్టు చాటున దాక్కున్నాను."

అతను తలుపు ఊడదీసి భుజాన వేసుకుని షాపుకు వెళ్లాడు. పనివాడు అందుకోబోతే వద్దన్నాడు. బందు ఎర్రగా కాల్చి దాగలి మీద పెట్టాక సుత్తి ఎత్తాడు గానీ దెబ్బ వేయలేకపోయాడు. అన్న ఎన్నిసార్లు లేస్తే అంత మందం ఇనుము అంత వంగి ఉంటుంది? బందు చల్లారిపోయింది. మళ్లీ కాల్చాడు. మూడోసారికి గానీ చెయ్యి రాలేదు.

మధ్యాహ్నానికి తలుపు బిగించాడు. కాగితం నాలుగు మూలలా చిరిగింది తప్ప ఊడిరాలేదు. పొయ్యి వెలిగిస్తే మంట గంతులు మాని నిలకడగా మండసాగింది. ఆవిడ కింద కూర్చుని ఒక దుంగ పెట్టి, అలవాటుగా గుడ్డ చుట్టిన చేత్తో తలుపు పట్టుకుని లేచింది. అతను చూశాడు.

"నువ్వు కూడానా వదినా?"

"మోకాళ్లు నా మాట వినడం ఎప్పుడో మానేశాయి."

మర్నాడు అతను పిలవకుండానే వచ్చాడు. పొయ్యి పక్క గోడకు అడ్డంగా ఒక ఇనుపకడ్డీ బిగించాడు. అంచులు చేతికి గీరుకోకుండా ముందే నున్నగా అరగదీసి తెచ్చాడు. ఆవిడ దాన్ని పట్టుకుని కూర్చుని లేచి చూసింది.

"ఎత్తు సరిపోయిందా?"

"నాకు అతికినట్టు సరిపోయింది. మీ అన్నయ్యకైతే ఇంకాస్త పైకి ఉండాలి."

"తెలుసు. ముందు అన్నయ్య ఎత్తుకే గీత గీశాను. గీశాక గుర్తొచ్చింది," అన్నాడు చిన్నమేస్త్రి.

గోడ మీద, కడ్డీకి నాలుగు వేళ్ల పైన, సుద్దగీత ఉంది. అతను అరచేత్తో దాన్ని తుడవబోయి, అలాగే చెయ్యి గోడకు ఆనించి, పసివాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. వదిన కడ్డీ వదలకుండా రెండో చెయ్యి అతని వీపు మీద వేసింది. ఊరుకోమని మాత్రం అనలేదు.