త్రాసు ముల్లు

దూలయ్య త్రాసు దండెను పాత లుంగీ గుడ్డతో తుడుస్తూ విసుక్కున్నాడు. రాత్రి మంచుకు ముల్లు దగ్గర మళ్లీ చెమ్మ చేరింది. చర్ల రోడ్డు మీది ఈ చింతపండు గోదాములో ఇరవై ఆరేళ్లుగా ఇదే తుడుపు. ముల్లును చూసి చూసి కుడికన్ను సగం మూతపడి అట్లాగే నిలిచిపోయింది. పొద్దున్నుంచీ ఎడమ భుజం ఒకటే లాగుతోంది. ఎవరికి చెప్పుకోవాలి?

పక్కన బల్ల మీద నిన్న వచ్చిన కరెంటు కాటా ఎర్ర అంకెలతో మెరుస్తోంది.

"ఇంకా దాన్నెందుకు రుద్దుతావయ్యా? మూలన పడెయ్," అన్నాడు యజమాని వెంకటకృష్ణ.

అంతలో బడి టీచరు వనజ వచ్చింది. ఒక్క పూట ఆ త్రాసు ఇమ్మని మూడురోజులుగా తిరుగుతోంది.

"పిల్లలకు చూపియ్యాలె బాబాయ్. ఎగ్జామ్ అనే మాట త్రాసు ముల్లు నుంచి పుట్టిందట. లాటిన్‌ల ముల్లును ఎగ్జామెన్ అనేటోళ్లు. టెస్టేమో వెండిని కరగబెట్టి చూసే మట్టిమూకుడు."

"మూకుడు మా ఆమె పొయ్యి మీదున్నది, ముల్లు నా చేతులున్నది. పరీక్షలన్నీ మా కొంపలనే పుట్టినయన్నమాట! మరి నన్ను అయిదో తరగతిల మూడుసార్లు ఎందుకు తప్పించిండ్రమ్మా?"

వనజ నవ్వి, బడి వేళయిందని వెళ్లింది. దూలయ్య నవ్వలేదు.

తండా నుంచి వచ్చిన గోరి చింతపండు గంప దించింది. కరెంటు కాటా పద్దెనిమిది చూపించింది. గోరి దూలయ్య వైపు తిరిగింది.

"ఆ ఎర్రగీతలు నాకేం తెలుస్తయన్నా? నీ ముల్లు చూపియ్యి."

వెంకటకృష్ణ కళ్లు ఉరిమాయి. చూపిస్తే ఈ పని ఉండదని దూలయ్యకు తెలుసు. ఈ వయసులో ఇంకోచోట ఎవడు పెట్టుకుంటాడు?

"థూ, నా బతుకు," అని గొణిగి గంపను త్రాసుకెక్కించాడు. ఇరవై కిలోలకు ముల్లు నిలబడింది. పళ్లేలు మార్చి మళ్లీ తూచాడు. మళ్లీ అంతే.

"మీ మిషను రెండు కిలోలు మింగుతున్నది సారూ."

"మిషన్‌కే పరీక్ష పెడతావా? రేపట్నుంచి రావద్దు. నీ తుప్పు నువ్వే మోసుకుపో!"

గోరి గంప మళ్లీ నెత్తికెత్తుకుంది. ఆమె వెనక గంపలతో నిలబడ్డ ఇద్దరూ ఎత్తుకున్నారు.

దూలయ్య త్రాసును భుజాన వేసుకుని, దారి పొడవునా తిట్టుకుంటూ బడికి వెళ్లాడు. వరండా కొక్కేనికి తగిలించి, గోడకు ఆనుకుని కూలబడ్డాడు. వనజ పిల్లలను పిలుచుకు వచ్చేసరికి అతని కుడికన్ను ఎప్పటిలాగే సగం తెరిచి ఉంది. ముల్లునే చూస్తున్నాడనుకుని, "బాబాయ్, మొదలుపెడదామా?" అంది. రెండోసారి పిలిచి, భుజం మీద చెయ్యి వేసింది. పిల్లలను వెనక్కి పొమ్మంది.

గాలికి కాసేపు అటూ ఇటూ ఊగిన ముల్లు, రెండు ఖాళీ పళ్లేల నడుమ నిటారుగా నిలబడింది.