మూడో క్లచ్ ప్లేటు

రెండో క్లచ్ ప్లేటు కూడా కాలిపోయింది. మెకానిక్ దాన్ని బల్ల మీద పెట్టి గోరుతో గీకాడు. నల్లటి పొడి రాలింది. బిగించి పదకొండు రోజులే అయింది.

కారు బావది. యాభై రెండేళ్ళ నాటిది. ఏడాదిన్నర నుంచి ఇద్దరూ ఈ షెడ్డులో దాన్ని బాగు చేస్తున్నారు. ఇంజను అయింది, సీట్లు అయ్యాయి, రంగు అయింది. గేర్‌బాక్సు దగ్గరే పని ముందుకు సాగడం లేదు. నేల మీద గోనెపట్టా పరిచి రెండు గేర్‌బాక్సులు పెట్టారు. ఒకటి కారుతో పాటు వచ్చిన నాలుగు గేర్లది. రెండోది అదే కంపెనీ తర్వాతి మోడల్లోది, ఆటోమేటిక్. అది లావు. పట్టాలంటే సీట్ల మధ్య రేకు కొయ్యాలి. ఒకసారి కోశాక పాతది మళ్ళీ పెట్టడం కుదరదు.

"ఆటోమేటిక్ పెట్టేద్దాం బావా. నేనెక్కడో తప్పు చేస్తున్నాను, అది దొరకట్లేదు."

"చేతకాకపోతే చేతకాలేదని చెప్పు. నా కారుకి కోత పెట్టకు" అన్నాడు బావ. "ముప్ఫై రెండేళ్ళు బస్సు నడిపాను. ఈ వయసులో బొమ్మకారు తోలమంటావా?"

"నీ బస్సు సంగతి తెలియనిదెవరికి? ముప్ఫై రెండేళ్ళలో ఒక్క కుక్క కూడా చావలేదు."

"పిల్లి కూడా చావలేదు. అదీ కలుపుకో."

అక్క టీ గ్లాసులు తెచ్చింది. చక్కెర లేనిది భర్త చేతికిచ్చింది. "రేపు నన్నూ మనవరాల్నీ కొండ మీదికి తీసుకెళ్తానన్నారు. రెండిట్లో ఏదో ఒకటి పెట్టి ఏడవండి. ఆ పిల్ల పొద్దుటి నుంచి నా ప్రాణం తీస్తోంది."

మెకానిక్ పాత గేర్‌బాక్సుకే మూడో ప్లేటు బిగించాడు. కొలతలు రెండుసార్లు చూశాడు. తను నడిపినప్పుడు బండి ఎప్పుడూ బాగానే ఉంటోంది. బావ చేతికిచ్చిన వారానికి మాడు వాసన వస్తోంది. ఆ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచన అతనికి రాలేదు. బావని అనుమానించడమంటే గడియారం చూసి పొద్దుని తప్పు పట్టినట్టుండేది. తన చేతినే అనుమానించుకున్నాడు.

ఆ రోజే మూడున్నరకి, బండి ఎలా ఉందో చూడ్డానికి ఇద్దరూ కొండ రోడ్డు ఎక్కారు. బావే నడిపాడు. మెకానిక్ పక్కన కూర్చుని చెవి ఇంజనుకి అప్పగించాడు. ఎక్కేటప్పుడు ఏ గొడవా లేదు. పైన బండి తిప్పుకుని దిగడం మొదలుపెట్టారు. దిగుడు రెండు కిలోమీటర్లు. చివర మలుపు, మలుపులో బడి గేటు. నాలుగింటికి బడి వదులుతారు.

బావ మూడో గేరు వేశాడు. ముల్లు నలభై మీద ఉంది. ఆ గేర్లో ఇంజనే బండిని పట్టి ఉంచాలి. యాభై అయింది. అరవై దాటింది.

"బ్రేకు కొట్టు బావా."

"కొడుతూనే ఉన్నాను. పట్టట్లేదు."

బ్రేకులు వేడెక్కిన వాసన లోపలికొచ్చింది. బండి అంత వేగంగా పోతుంటే ఇంజను మాత్రం ఆగి ఉన్న బండిలోలాగా మెల్లగా గుర్రుమంటోంది. గేరు జారిందనుకున్నాడు. తన పనే, తన చేతి తప్పే అనుకున్నాడు. లివరు పట్టుకు చూశాడు. మూడులోనే ఉంది. డెబ్భై. కింద గేటు తెరిచారు.

అప్పుడు తల వంచి చూశాడు. బావ ఎడమ బూటు క్లచ్ పెడల్ మీద ఉంది. పెడల్ నేలకి ఆనుకుని ఉంది. అలా తొక్కి ఉంటే ఇంజనుకీ చక్రాలకీ సంబంధం ఉండదు.

"క్లచ్ మీంచి కాలు తియ్యి బావా!"

"తీసే ఉందిరా."

"తియ్యి!"

"తీసే ఉందంటుంటే!"

మెకానిక్ అతని మొహం చూశాడు. అబద్ధమాడే మొహం కాదు. అంతవరకు అతను రోడ్డుకి భయపడ్డాడు. ఆ క్షణం నుంచి పక్కనున్న మనిషికి భయపడ్డాడు. వంగి, మోకాలి దగ్గర ప్యాంటు రెండు చేతులా పట్టుకుని ఆ కాలు పైకి లాగాడు. అది బస్తాలాగా లేచింది. బండి కుదిపింది, ఇంజను అరిచింది, ముల్లు పడింది. మెకానిక్ లేచి హ్యాండ్ బ్రేకు లాగాడు.

గేటుకి అరవై అడుగుల ముందు ఆగారు. పిల్లలు రోడ్డు దాటుతున్నారు. కొందరు కారుకి చేతులూపారు.

రెండు ప్లేట్లు ఎందుకు కాలాయో ఇప్పుడు చెప్పక్కర్లేదు. కాలు ఎత్తాననుకుని సగంలోనే వదిలేస్తున్నాడు; సగం తొక్కిన క్లచ్‌లో ప్లేటు రాసుకుని మాడిపోతుంది.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు మెకానిక్.

"ఏమో. చెప్పు జారిపోతే ఇంటికొచ్చాక తెలుస్తోంది."

"షుగరు డాక్టరుకి చెప్పావా?"

"చెప్తే మీ అక్కకి చెప్తాడు. ఆ తర్వాత బతకాలిగా నేను?" బావ నవ్వబోయి మానేశాడు. "సరే, కొయ్యి. ఆటోమేటిక్ పెట్టు. దానికి ఎడమకాలితో పని లేదుగా."

పొద్దుటి నుంచి మెకానిక్ కోరుకున్న మాట అదే. ఇప్పుడది వింటే అతని చూపు బావ కుడికాలి మీదికి పోయింది. ఆటోమేటిక్‌లో బ్రేకూ యాక్సిలరేటరూ రెండూ కుడికాలివే.

"కుడి బూటు విప్పు."

"అది బాగానే ఉంది."

"విప్పు బావా."

బావ విప్పాడు. మేజోడు కూడా తీసి, చెప్పకుండానే కళ్ళు మూసుకున్నాడు. మెకానిక్ బొటనవేలు నొక్కాడు.

"బొటనవేలు" అన్నాడు బావ. మడమ నొక్కితే "మడమ" అన్నాడు.

మెకానిక్ ఊపిరి వదిలాడు. తర్వాత పెడల్ ఆనే చోట, వేళ్ళ కింద గోరు పెట్టి నొక్కాడు. బావ ఏమీ అనలేదు. ఇంకా గట్టిగా నొక్కాడు. చర్మంలో గోరు దిగబడింది.

"కానివ్వరా" అన్నాడు బావ, కళ్ళు మూసుకునే. "ఎంతసేపు?"

మెకానిక్ చెయ్యి తీశాడు. తాళం చెవి లాగి జేబులో వేసుకున్నాడు. బావ కళ్ళు తెరిచి ముందు తాళం ఉండే చోటు చూశాడు, తర్వాత కాలి మీద గోటి గుర్తు చూశాడు.

"రేపు కొండకి పోవడం లేదు" అన్నాడు మెకానిక్. "ఇప్పుడు అక్కకి నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

"నేనే చెప్తాను." విప్పిన బూటు చేతిలోకి తీసుకుని అడిగాడు. "మరి ఏది పెడతావు?"

"అక్కనడగాలి. నడిపేది ఆవిడ."

"మీ అక్కా? దానికి సైకిలు కూడా రాదు."

"నేర్చుకుంటుంది. పక్కకి జరుగు."

బ్రేకులు చల్లారేదాకా ఆగారు. పిల్లలందరూ వెళ్ళిపోయారు. మెకానిక్ స్టీరింగు ముందు కూర్చుని మొదటి గేరు వేశాడు. క్లచ్ మీద అతని కాలు వణుకుతోంది. బండి కుదిపి ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేశాడు. మళ్ళీ ఆగింది. ఇంకో రోజైతే బావ దీని మీద వారం రోజులు ఆడుకునేవాడు. ఇవాళ విప్పిన బూటు ఒళ్ళో పెట్టుకుని, రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు.