కసిమితో రాసిన మూడో వరస

దామోదరం గారు మా ఇంటికి మొదటిసారి వచ్చిన రోజు మా అమ్మ ఏట్లో చెలమ తవ్వుతోంది. జూన్ నెల వచ్చినా వాన లేదు. స్వర్ణముఖిలో ఇసుక తప్ప ఏమీ లేదు. మోకాటి లోతు తవ్వితే గుంటలో కాసిని నీళ్ళు ఊరతాయి. వాటిని ముంతతో బిందెకెత్తి, నాయన బొమ్మలు వేసే గుడ్డను గంజి పోయేదాకా నాలుగుసార్లు ఉతకాలి. అమ్మకు నడుంనొప్పి.

దామోదరం గారు గట్టు మీద నిలబడి చాలాసేపు చూశారు.

"ఆ వంపు చూశావా మునిరామయ్యా! ఏరు, ఇసుక, వంగిన స్త్రీ. ఇదే కవిత్వం. దీన్ని నువ్వు గుడ్డ మీదికి తేవాలి" అన్నారు మా నాయనతో.

అమ్మ నడుం పట్టుకుని లేచింది. అప్పుడాయన చూడలేదు. వంపు పోయింది కదా.

ఆయన తిరుపతిలో పేరున్న కవి. ప్రకృతి మీద అయిదు, పట్నం మీద అయిదు కవితలు రాశారట. అవి పుస్తకంగా వచ్చే రోజున సభలో కట్టడానికి పది బొమ్మల గుడ్డ కావాలన్నారు. ప్రతి బొమ్మ కింద ఆయన కవిత రెండు వరసలు ఉండాలి. నాయన కాళహస్తిలో కలంకారీ పని నేర్చి, పెళ్ళయ్యాక ఏర్పేడు దగ్గర మా ఊళ్ళో ఉండిపోయాడు. ముప్పై ఏళ్ళుగా రాముణ్ణీ రావణుణ్ణీ వేశాడు కానీ నాయనకు చదువు రాదు. బొమ్మల కింద అక్షరాలను కూడా పాత గుడ్డలు చూసి బొమ్మల్లాగే దించేవాడు. నేను ఆరో తరగతికి వచ్చినప్పటినుంచి ఆ పని నాది. వెదురు కలానికి చుట్టిన ఉన్నిని వేళ్ళతో మెల్లగా నొక్కుతూ రాయాలి.

నల్లరంగును మేము కసిమి అంటాం. ఇనపముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి ఇరవై రోజులు మాగబెడతాం. కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద అది పడగానే నల్లబడుతుంది. ఇక చెరగదు. ఉతికినా, ఉడకబెట్టినా, గుడ్డ చినిగిపోయినా ఆ నలుపు పోదు. అందుకే రాసే ముందు నాయన ప్రతిసారీ "మాట మనసులో ఒగసారి అనుకోని రాయి అమ్మణ్ణీ" అంటాడు.

పట్నం బొమ్మలు వేయడానికి నాయన తడబడ్డాడు. చెడ్డదంటే ఆయనకు తెలిసింది రాక్షసులే. అందుకని లారీకి కోరలు పెట్టాడు. సినిమాహాలుకు పది తలలు పెట్టాడు. దామోదరం గారు పొంగిపోయారు.

"అద్భుతం! సరిగ్గా ఇదే పట్నం! మనుషుల్ని మింగే పట్నం!"

"నాకు తెలీదు సామీ. నేను తిరుపతికి రంగులు కొనేదానికి తప్ప పోను" అన్నాడు నాయన.

నేను తలుపు వెనక ఉన్నాను. ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే నా స్థానం అదే. బడిలో కూడా జవాబు తెలిసినా లేచేదాన్ని కాదు. అనాలనుకున్నవన్నీ రాత్రికి డైరీలో రాసుకునేదాన్ని. ఆ డైరీ మా బడి వరదయ్య అయివోరు ఇచ్చింది. పదో తరగతి ఫస్టు క్లాసులో పాసయ్యానని, తిరుపతి ఆడపిల్లల కాలేజీ దరఖాస్తు కూడా ఆయనే తెచ్చి నింపారు. నాయన సంతకం ఒక్కటే మిగిలింది. సోమవారం ఆఖరు తేదీ. నాయన సగం ఒప్పుకున్నాడు. మిగతా సగం ఎవరైనా పెద్దమనిషి చెబితే ఒప్పుకునేట్టున్నాడు.

ఆ పెద్దమనిషి దామోదరం గారయ్యారు.

"సామీ, మా పాప కాలేజీకి పోతానంటాది. మీరు పెద్ద సదువులు సదివినోళ్ళు. ఏం సెయ్యమంటారు?" అని నాయనే అడిగాడు. కాగితం కూడా చూపించాడు.

ఆయన దాన్ని చదవలేదు. నన్ను పిలిపించి తలుపు దగ్గర నిలబెట్టి, నా జడ నుంచి కాళ్ళదాకా చూశారు.

"ఈమెను పట్నం పంపుతావా? వద్దు మునిరామయ్యా. అడవిమల్లెను కుండీలో నాటితే బతుకుతుందా? ఆ పొగలో, ఆ గోలలో మాడిపోతుంది. ఈ ఏరు, ఈ గాలి, ఈ అమాయకత్వం మాకు దొరకవు. దీన్ని కాపాడు."

నాయన కాగితం మడిచి చూరులో దోపేశాడు. కరక్కాయలు నూరి నూరి నా అరచేతులు కాయలు కాశాయి. అడవిమల్లెకు చేతులు కాయలు కాస్తాయా అని అడగాలనుకున్నాను. ఎప్పటిలాగే దాన్ని డైరీకి దాచుకున్నాను.

అక్కడికక్కడే ఆయన పదో బొమ్మ చెప్పారు. బిందెతో ఏటి ఒడ్డున నిలబడ్డ పల్లెపిల్ల. కింద రెండు వరసలు నా చేతే కాగితం మీద రాయించారు.

పట్నం పోకే చిన్నారీ, పొగలో మాడే పువ్వవుతావు
ఏటి ఒడ్డున ఇసుకే చాలు, ఎన్నటికీ ఒక నవ్వవుతావు

నాయన పెరట్లోకి వెళ్ళినప్పుడు అమ్మ మజ్జిగ ఇస్తూ అడిగింది. "బిడ్డలెంతమంది సామీ?"

"ఇద్దరూ అమ్మాయిలే. పెద్దది డాక్టరు చదువుతోంది. చిన్నది బియ్యస్సీ. అది కాలేజీ నుంచి వచ్చే వేళకు నేనింట్లో లేకపోతే అలుగుతుంది. నాలుగు గంటల బస్సు తప్పదు" అని ఆయన నవ్వుతూ చెప్పి, గ్లాసు పెట్టేసి వెళ్ళారు.

"విన్నావా అమ్మా?" అన్నాను.

"ఇన్నాలేమే. పెద్దోళ్ళ బిడ్డలూ మనమూ ఒగటేనా?"

నాకు ఏరంటే ఇష్టం లేక కాదు. తెల్లవారుజామున ఇసుక చల్లగా ఉంటుంది. చెలమలో మొదటి నీళ్ళు ఊరేటప్పుడు ఇసుకరేణువులు గుండ్రంగా తిరుగుతాయి. గంటసేపయినా చూడగలను. కానీ అది ఆయన రాయలేదు. ఆయన రాసింది నేను ఎక్కడ నిలబడి ఉండాలో.

ఆ రాత్రి అదంతా డైరీలో రాశాను. రాశాక మరీ కోపమొచ్చింది. డైరీలో రాస్తే నేనొక్కదాన్నే చదువుతాను. ఆయన రాస్తే మా నాయన వింటాడు.

గురువారానికి పదో బొమ్మ నల్లగీత పూర్తయింది. నాయన కలం నా చేతికిచ్చి పెరట్లోకి పోయాడు. రెండు వరసలూ దామోదరం గారు చెప్పినట్టే రాశాను. కింద జానెడు ఖాళీ ఉంది. మాట మనసులో ఒకసారి అనుకున్నాను. ఒకసారి కాదు, మూడుసార్లు. తర్వాత మూడో వరస రాశాను. ముందు తేనెరంగులో కనబడి, నేను చూస్తుండగానే నల్లబడింది.

శుక్రవారం దామోదరం గారు వచ్చారు. నాయన గుడ్డను వసారాలో పరిచాడు. ఒక్కో బొమ్మకూ తలాడిస్తూ ఆయన పదోదాని దగ్గర ఆగిపోయారు. మొహం ఎర్రబడింది.

"ఎవరు రాశారిది?"

"మా పాపే సామీ. ఏం, బాగలేదా?"

"తప్పు రాసింది. చెరిపెయ్యి."

"కసిమి సామీ, సెరగదు. ఏమని రాసుండాది?"

నాయన నావైపు తిరిగాడు.

"నువ్వు సదువు."

తలుపు వెనక నుంచి రావడానికి నాకు చాలాసేపు పట్టింది. గుడ్డ దగ్గరికి వచ్చి చదివాను. మొదటి రెండు వరసలు ఎవరికీ వినబడి ఉండవు. మూడోది వినబడింది.

"ఈ మాట చెప్పిన కవిగారి కూతుళ్ళు ఇద్దరూ పట్నం కాలేజీల్లోనే చదువుతున్నారు."

నాయన దామోదరం గారి వైపు తిరిగాడు.

"అబద్దం రాసిందా సామీ?"

"అది వేరు మునిరామయ్యా. మేం అక్కడే పుట్టి పెరిగినవాళ్ళం. మాకు అలవాటు. ఇది కళ. కళను అలా చూడకూడదు..."

"కళ సంగతి నాకు తెల్దు సామీ. అబద్దమా, కాదా?"

దామోదరం గారు కండువా సర్దుకున్నారు. ఈ గుడ్డ తనకు వద్దని, కొత్త గుడ్డ మీద మళ్ళీ వేయమని, అక్షరాలు ఇంకెవరి చేతనైనా రాయించమని చెప్పి గుమ్మం దిగారు. పిల్లకు పొగరు తలకెక్కిందని కూడా అన్నారు. నిన్నటిదాకా అమాయకత్వం.

ఆయన వెళ్ళాక నాయన నన్ను మెచ్చుకుంటాడని నేననుకోలేదు. మెచ్చుకోలేదు కూడా.

"ముప్పై దినాల పని మే! మీయమ్మ నడుమిరగ నీళ్ళు మోసింది. ఒక్క గీతతో నేలపాలు జేస్తివి. ఆ మాట నోటితో నాకు సెప్పుంటే పోయుండేది కదా!"

"చెప్తే వినుంటావా నాయనా?"

అదే నేను నాయనకు మొదటిసారి ఎదురు చెప్పడం. నాయన చెయ్యెత్తాడు. ఎత్తిన చేతిని అలాగే చూరులోకి పోనిచ్చి కాగితం లాగాడు. దుమ్ము దులిపి నా ముందు పడేశాడు.

"యాడ పెట్టాల?"

చూపించాను. నాయన సంతకం కూడా బొమ్మే. వరదయ్య అయివోరు నేర్పిన అయిదు గుండ్రటి అక్షరాలు. పెన్ను కాగితాన్ని చించేంత గట్టిగా వాటిని దించాడు.

"పో. పొయ్యి ఆయప్ప కూతుర్ల పక్కనే కూసోని సదువుకో. నాతో మాట్లాడొద్దు."

సోమవారం దరఖాస్తు ఇవ్వడానికి పోయే బస్సులో నాయన నా పక్కనే కూర్చున్నాడు కానీ తిరుపతి దాకా ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఇద్దరికీ కోపం తగ్గలేదు. బస్టాండు దగ్గర లారీ ఒకటి మా ముందునుంచి పోయింది. నాయన దాన్ని మూతి నుంచి వెనక దాకా చూసి, గొంతు సవరించుకున్నాడు.

"కోరలు లేవే" అన్నాడు, నాతో కాదన్నట్టు.