వెళ్ళు అన్న బటన్

విడుదలకు ఇంకా పదకొండు రోజులుందనగా, అంచనాలు మేడగదిలో పట్టక మెట్ల మీదికి దిగుతాయి. మనిషెత్తున, తెల్లగా, మెత్తగా ఉంటాయి. నూకరత్నం వాటిని తప్పించుకుంటూ కాఫీ గ్లాసులు పైకి మోసుకుపోతుంది. కాస్త జరగండమ్మా అంటే ఎంతో మర్యాదగా జరుగుతాయి. జరిగినచోట మళ్ళీ పెరుగుతాయి.

విశాఖపట్నం పెదవాల్తేరులోని ఆ మేడగదిలో తవిటినాయుడు 'చుక్కలరేవు' అనే ఆట తయారుచేస్తున్నాడు. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, ఆన్‌లైన్లో ఓడలెక్కి నక్షత్రాల మధ్య తిరిగే ఆట. రాబోయే హంగులేమిటో నాలుగు నెలల కిందటే చాటేశాడు. గ్రహాల మీద వాన, తోకచుక్కలకు పగ్గాలు, ఒకే ఓడలో ఇద్దరికి చోటు. అప్పట్నుంచీ ఆడేవాళ్ళకు కంటిమీద కునుకు లేదు, వాళ్ళ అంచనాలకు హద్దు లేదు. ఆషాఢంలో విడుదలంటే ఒప్పుకోరు, శ్రావణం దాకా అంటే ఆగలేరు.

బటన్ల మీద తెలుగు మాటలు రాయడం నూకరత్నం పని. అవి నొక్కి చూడడం ఆమె భర్త గవరయ్య పని. గురువారం పొద్దున ఆయన 'వెళ్ళు' అన్న బటన్ నొక్కాడు. నొక్కినవాడు నొక్కినట్టే ఓడతో సహా తెరలోంచి బయటికొచ్చి, కిటికీలోంచి ఆకాశంలోకి వెళ్ళిపోయాడు. ఇవాళ ఆదివారం.

"ఎలా ఉన్నారండీ?" అని రత్నం స్పీకర్ దగ్గర అడుగుతుంది.

"బెమ్మాండంగా ఉన్నానే. ఆకలి లేదు, దాహం లేదు. రావడమే అవట్లేదు. ఎంత తిప్పినా ఓడ తిరగదు. వెళ్ళమన్నారు గానీ రమ్మన్నారా, అని నన్నే అడుగుతోంది."

రత్నానికి విషయం అర్థమవుతుంది. తప్పు ఓడది కాదు. వాళ్ళింట్లో ఎవరూ గడప దాటుతూ 'వెళ్తాను' అనరు. కొత్తిమీర కోసం వీధి చివరికి పోయినా 'వెళ్ళొస్తాను' అనే అంటారు. సాగనంపేవాళ్ళు 'వెళ్ళిరా' అంటారు. వట్టి 'వెళ్ళు' కోపమొచ్చినప్పుడు అనే మాట. ఆ మాట తన చేత్తో తనే రాసి, మొగుడిచేతే నొక్కించింది. ఆయన లేని ఇంట్లో మూడు రోజులుగా ఆమెకు అన్నం సయించడం లేదు.

"నా చేతులు పడిపోనూ! నాయుడూ, దాన్ని 'వెళ్ళిరా' అని మార్చెయ్యి."

"బటన్లో రెండక్షరాలకే జాగా ఉందక్కా. మూడోది పెడితే కిందడిపోతాది." తవిటినాయుడు పెట్టి చూపిస్తాడు. 'రా' అంచుమీద ఒక్క క్షణం నిలబడి, టంగుమని గచ్చుమీద పడి బీరువా కిందికి దొర్లుతుంది. రత్నం వంగి తీసి కొంగుతో తుడుస్తుంది. అక్షరం గోరువెచ్చగా ఉంది.

"బటన్ని పెద్దది చెయ్యి."

"ఎలగ చేసేదక్కా? గదంతా అంచనాలే కదా!"

రత్నం వాటివైపు తిరుగుతుంది. "ఓ అంగుళం తగ్గండమ్మా, పుణ్యముంటుంది."

"తగ్గాలంటే ఎవరో ఒకరు నిరాశపడాలి," అంటుంది తలుపు దగ్గరున్న పెద్ద అంచనా. "మీరు పడతారా?"

రత్నం నిజాయితీగా ఆలోచిస్తుంది. ఆయన రాడని అనుకుంటే జాగా దొరుకుతుంది. కానీ ఆ జాగాలోకి రావడానికి ఎవరూ ఉండరు.

"పడను. ఆయన వస్తారు."

అనగానే ఆమె భుజం మీద ఇంకో అంచనా పుడుతుంది. గదిలో ఉన్న జాగా కూడా పోతుంది. తవిటినాయుడు కుర్చీ ఎక్కి గోడకంటుకుంటాడు. రత్నానికి ఎక్కడలేని ధైర్యం వస్తుంది.

"అయితే తగ్గొద్దు. పైకి పెరగండి. ఆకాశాన్నంటడం మీకేమైనా కొత్తా?"

అంచనాలు ఒకదాన్నొకటి చూసుకుని సిగ్గుపడతాయి. ఇంతవరకూ వాటిని అలా ఎవరూ అడగలేదు. ఒక్కొక్కటే లేచి నిలబడతాయి. ఇంటికప్పు డబ్బా మూతలా తెరుచుకుంటుంది. అవి మబ్బులు దాటేకొద్దీ గోడలు వెడల్పవుతాయి, బల్ల సాగుతుంది, తెర సాగుతుంది, బటన్ నులకమంచమంత అవుతుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఇక్కడ మేడ కూడా పెద్దదవుతోంది.

రత్నం బటన్ మీదికెక్కి కూర్చుంటుంది. 'ళ్ళు'కి కొమ్ము తీసేసి గుడి కడుతుంది. పక్కన 'రా'ని కూర్చోబెడుతుంది. ఇంకా ఓ మనిషికి చోటు మిగులుతుంది.

"ఏమండీ! ఇప్పుడు మీ ఓడలో బటన్ నొక్కండి!"

"నొక్కానే! ఓడ నవ్వుతోంది!"

గవరయ్య ఓడ అంచనాల మీదుగా జారుకుంటూ డాబా మీద దిగుతుంది. రత్నం ఏడుస్తూ నవ్వుతూ ఆయన బుగ్గలు రెండూ పట్టుకుంటుంది. తవిటినాయుడు ఇక ఆగలేక ఆషాఢమని కూడా చూడకుండా ఆట విడుదల చేసేస్తాడు. పెదవాల్తేరులో ప్రతి కిటికీలోంచీ ఒక ఓడ వెళ్తుంది, ప్రతి కిటికీలోకీ ఒక ఓడ వస్తుంది. వచ్చినవాళ్ళను చూసి ఇంట్లోవాళ్ళు కేరింతలు కొడతారు.

అప్పుడు రత్నం భర్త వెనకాల చూస్తుంది. డాబా గుమ్మం బయట, ఓ ఆటో అంత నీలం గ్రహం మొహమాటంగా నిలబడి ఉంది.

"అదెవరండీ?"

"అక్కడ దానిమీదే ఉన్నానులే. బయల్దేరేటప్పుడు మర్యాదకి 'వెళ్ళొస్తాను' అన్నాను. ఎప్పుడొస్తావంది. ఏటి చెప్పను? నీకెందుకులే శ్రమ అని అదే వచ్చీసింది."

రత్నం చెంబుతో నీళ్ళు తెచ్చి గుమ్మం దగ్గర పెడుతుంది. "కాళ్ళు కడుక్కుని లోపలికి రామ్మా."

గ్రహానికి కాళ్ళు లేవు. కాసేపు ఆలోచిస్తుంది. దాని సముద్రాలు సర్దుకుంటాయి. అడుగున రెండు చిన్న పాదాలు మొలుస్తాయి, వేళ్ళతో, గోళ్ళతో సహా. ఒక్కొక్క వేలూ శుభ్రంగా కడుక్కుని, వీటిలో కుడికాలు ఏదని రత్నాన్ని అడిగి, దాన్ని ముందుపెట్టి గడప దాటుతుంది.