గొడుగు మావయ్యకి మామూలు వాన

రచయితలు కూర్చునే ఆ గదిలో అందరూ జడిసే మాట ఒక్కటే: "అయిపోయింది."

ఎవరో ఒకరు కుర్చీలో ముందుకు జరిగి, మొహం వెలిగించుకుని, "మావయ్య బస్సెక్కి చిల్లర దగ్గర కండక్టరుతో పేచీ పెట్టుకుంటే..." అని మొదలుపెడతారు. మూల సోఫాలో వాలిన చిత్రగుప్తుడు కళ్ళయినా తెరవడు. "అయిపోయింది. నాలుగో ఏడు. చివరికి బస్సు మావయ్యే నడుపుతాడు." చెప్పినవాళ్ళు వెనక్కి జరిగి కాఫీ కప్పులోకి చూసుకుంటారు.

చిత్రగుప్తుడన్నది అక్కడ పనిచేసే ఒక రచయితకి తోటివాళ్ళు పెట్టిన పేరు. "గొడుగు మావయ్య" అనే బొమ్మల హాస్య సీరియల్ ఇరవై ఏళ్ళుగా టీవీలో నడుస్తోంది. అందులో ఏ జోకు ఏ ఏడు, ఎవరి నోట పలికిందో మొత్తం అతని బుర్రలో ఉంది. ఒకసారి వాడిన జోకు మళ్ళీ వాడకూడదన్నది ఆ గది నియమం. పెట్టింది అక్క. అక్కంటే ప్రధాన రచయిత్రి, ఆ సీరియల్‌ని పుట్టించిన మనిషి. వయసులో పెద్దవాళ్ళు కూడా ఆవిడని అక్కా అనే పిలుస్తారు. నియమం మంచిదే. మంచి నియమం పట్టుకుని కూడా కొంప ముంచుకోవచ్చని ఆవిడకి ఈమధ్యే అర్థమవుతోంది.

మొదట్లో మావయ్య మామూలు మనిషి. చంకలో ఎప్పుడూ ఒక గొడుగు ఉండేది, దాన్ని ఎన్నడూ తెరిచేవాడు కాదు. ఎండలో తెరిస్తే రంగు వెలిసిపోతుందట. పొట్లాలకి కట్టిన దారాలు విప్పి, ఉండ చుట్టి దాచేవాడు. రోడ్డు దాటడానికి భయపడి, ఆ భయం బయటపడకుండా పక్కవాళ్ళకి ధైర్యం చెప్పేవాడు. జనం పడీపడీ నవ్వారు. నవ్వరూ మరి, ప్రతి ఇంట్లోనూ అలాంటివాడొకడు ఉంటాడాయె! తర్వాత దారాలు అయిపోయాయి, రోడ్డు అయిపోయింది, చిల్లర పేచీలు అయిపోయాయి. మనుషులు చేసే పనులన్నీ అయిపోయాక, మనుషులెవరూ చెయ్యనివే మిగిలాయి. పిచ్చి ముదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడట వెనకటికొకడు. అలాగే గొడుగు రాకెట్టయింది. మావయ్య చందమామని వాటాలు వేసి అమ్మాడు, దేశాధ్యక్షుడయ్యాడు, రెండుసార్లు చచ్చిపోయి మూడుసార్లు బతికొచ్చాడు. ఆ లెక్క ఎక్కడ తప్పిందో చిత్రగుప్తుడు కూడా చెప్పలేకపోయాడు.

జనం ఇంకా చూస్తూనే ఉన్నారు. పెళ్ళయి ఇరవై ఏళ్ళయిన మొగుణ్ణి పెళ్ళాం చూసినట్టు చూస్తున్నారు, అంటే తల తిప్పకుండానే.

ఆ సోమవారం పొద్దున పెద్దాయన గదిలోకి వచ్చాడు. మొదటి రోజు నుంచీ మావయ్యకి గొంతిచ్చింది ఆయనే. మెడకి మఫ్లరు చుట్టుకున్నాడు, చేతిలో స్క్రిప్టు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, స్ప్రింగు పొడుచుకొచ్చిన కుర్చీని ఒడుపుగా తప్పించి, పక్కదాంట్లో కూర్చున్నాడు.

"అమ్మాయ్, శుక్రవారం నా ఆఖరి రికార్డింగు" అన్నాడు అక్కతో. "ఆ తర్వాత గొంతుకి ఆపరేషను. మళ్ళీ మాటొస్తుందో రాదో డాక్టరే చెప్పలేకపోతున్నాడు. అలాంటిది, పోయేముందు నాచేత ఏం చెప్పిస్తున్నారు మీరు? సూర్యుణ్ణి మింగి తేన్చమంటున్నారు!"

"చాలా కష్టపడి రాశామండీ" అంది కొత్తమ్మాయి. ఆ గదిలో అందరికంటే చిన్న రచయిత్రి ఆ పిల్ల.

"కష్టం కనపడుతూనే ఉంది తల్లీ. వచ్చిన చిక్కంతా అదే." పెద్దాయన గ్లాసెడు వేడినీళ్ళు తెప్పించుకుని ఊదుకుంటూ తాగాడు. "నాకొక మనిషిని రాసివ్వండి. వచ్చి చెప్పిపోతాను. లేదంటే నేను రాను."

విషయం తెలిసి చానెల్ మేనేజరు ఫోన్ చేశాడు. అతనికి దిగులేమీ లేదు. "ఆయన రాకపోతే ఏంటక్కా? ఇరవై ఏళ్ళ గొంతు మన దగ్గరుంది కదా. పాత డైలాగులు ముక్కలు కోసి అతికించేద్దాం. ఎవడికీ తెలీదు" అన్నాడు. అక్కకి ఒళ్ళు మండింది. మనిషి నిక్షేపంలా ఎదురుగా కూర్చుని నీళ్ళు తాగుతుంటే, ఆయన వీడ్కోలుని పేలికలతో బొంత కుట్టినట్టు కుట్టడమేమిటి? "శుక్రవారం దాకా ఆగండి" అని పెట్టేసింది. కోపంగా అంది గానీ, శుక్రవారానికి ఇవ్వడానికి చేతిలో ఏమీ లేదు. ఆ గదిలో ఒక మామూలు మనిషిని రాసి ఎన్నేళ్ళయిందో ఆవిడకి బాగా తెలుసు.

అందరూ పనిలో పడ్డారు. మావయ్యకి జలుబు చేస్తే? అయిపోయింది. మావయ్య తాళంచెవి పోగొట్టుకుంటే? అయిపోయింది, రెండు ఎపిసోడ్లు. మావయ్య ఊరికే కూర్చుంటే? అదీ అయిపోయింది, ఆ ఎపిసోడ్‌కి బహుమతి కూడా వచ్చింది. మధ్యాహ్నానికి గోడ మీద అంటించిన చీటీలన్నీ చిరిగి చెత్తబుట్టలోకి చేరాయి.

"మొదట్లో మీరంతా మీ ఇళ్ళల్లో మావయ్యల్ని చూసి రాశారు" అన్నాడు పెద్దాయన మెల్లిగా. "ఇప్పుడీ పిల్లలు మీరు రాసిన మావయ్యని చూసి రాస్తున్నారు. వాళ్ళని అనేం లాభం? ఆ బొమ్మ చూస్తూనే పెరిగారు."

"మా మావయ్య మన మావయ్యకంటే పిసినారండీ" అంది కొత్తమ్మాయి. "ఆయన్ని రాయచ్చని నాకెప్పుడూ తట్టలేదు."

తిలాపాపం తలా పిడికెడు అంటారు గానీ, ఇందులో బుట్టెడు తనదేనని అక్కకి అనిపించింది.

కాసేపటికి కొత్తమ్మాయే మళ్ళీ నోరు విప్పింది. "అక్కా, మొట్టమొదటి ఎపిసోడ్‌లో వాన కథ ఉంది చూడండి, అలాంటిదొకటి రాయలేమా? మావయ్య మేనకోడల్ని బడినుంచి తీసుకొస్తుంటాడు. వాన మొదలవుతుంది. పిల్ల తడుస్తోందని, జీవితంలో మొదటిసారి గొడుగు తెరుస్తాడు. అన్నేళ్ళు మడిచే ఉంచాడేమో, గుడ్డ మడతల దగ్గర చివికిపోయి ఊడి చేతిలోకి వస్తుంది. ఊచలు మాత్రం మిగుల్తాయి. ఆ ఊచల్నే పిల్ల నెత్తిమీద పట్టుకుని ఇంటిదాకా నడుస్తాడు, 'నేను పక్కనుండబట్టి సరిపోయింది' అంటూ. నాకిప్పటికీ తలుచుకుంటే నవ్వూ ఏడుపూ కలిసొస్తాయి."

గదిలో అందరూ తలూపారు. అందరికీ ఇష్టమైన కథే.

"అయిపోయింది" అన్నాడు చిత్రగుప్తుడు, ఈసారి కాస్త జాలిగా. "అన్నిటికంటే ముందు అయిపోయింది అదే."

"నేను చెప్పలేదే" అన్నాడు పెద్దాయన.

చిత్రగుప్తుడు కళ్ళు తెరిచాడు.

"ఆ మాట నా నోట రాలేదయ్యా. నువ్వు జోకులు బుర్రలో పెట్టుకుంటావు, నేను నాలిక మీద పెట్టుకుంటాను. మావయ్య చేత నేనెప్పుడూ ఆ మాట అనిపించలేదు."

"అదేంటండీ, మేనకోడలు ఆకుపచ్చ గౌను వేసుకుంటుంది, ఎడమ కాలి మేజోడు జారిపోతుంటుంది, నాకు కళ్ళకి కట్టినట్టుంటేనూ!" చిత్రగుప్తుడు లేచి, తనే మొదటి ఎపిసోడ్ పెట్టాడు. అందరూ చూశారు. మావయ్య పొట్లాం దారం కోసం ఇల్లంతా వెతికాడు, దొరికింది, కథ కంచికి వెళ్ళింది. వాన లేదు. రెండోది చూశారు, మూడోది చూశారు. ఆ ఏడంతా ఆకాశం నీలంగానే ఉంది. చిత్రగుప్తుడు పాపం పాలిపోయాడు. ఉన్నది మరిచిపోయి ఉంటే అతను అంత బాధపడేవాడు కాదేమో.

అప్పుడు అక్కకి గుర్తొచ్చింది. ఆ రోజుల్లో బొమ్మలన్నీ చేత్తో వేసేవారు. వాన అనగానే బొమ్మలు వేసే ఆయన చేతులు జోడించాడు. "వానొద్దు తల్లీ, ప్రతి బొమ్మ మీదా చినుకులు వెయ్యాలంటే నా వేళ్ళు అరిగిపోతాయి" అన్నాడు. సరే, వచ్చే ఏడు చూద్దాంలే అనుకుంది. ఈలోగా గదిలోకి ఎవరు కొత్తగా వచ్చినా, మన మావయ్య ఎలాంటివాడో తెలియాలని, మొదటి రోజే ఆ కథ చెప్పడం అలవాటు చేసుకుంది. ఎంత చెప్పిందంటే, విన్నవాళ్ళందరూ దాన్ని టీవీలో చూశామనే అనుకున్నారు. ఆఖరికి ఆవిడ కూడా అలాగే అనుకుంది. కంప్యూటర్లు వచ్చాక ఆ సీరియల్‌లో కప్పల వాన కురిసింది, కాసుల వాన కురిసింది, ఉల్కల వాన కూడా కురిసింది. మామూలు వాన మాత్రం కురవలేదు.

"ఆకుపచ్చ గౌను నాది" అంది అక్క. "ఆ మేజోడూ నాదే. ఆయన మా మావయ్య."

గదిలో చాలాసేపటి దాకా ఎవరూ "అయిపోయింది" అనలేదు.

నాలుగు రోజులూ అక్కే కూర్చుని రాసింది. అలవాటు చావదు కదా, రచయితల్లో ఒకతను తలుపులోంచి తొంగిచూసి, "అక్కా, ఆ ఊచల మీద పిడుగు పడితే?" అన్నాడు.

"పడదు."

"పోనీ చిన్న పిడుగు?"

"నీ నెత్తిన పడుతుంది, పో."

రాయడం అంత తేలిక కాలేదు. ఎందుకంటే ఆవిడ కొత్తవాళ్ళకి చెప్పే కథ మావయ్య మాటతో, నవ్వుతో ముగిసేది. ఆ తర్వాత జరిగింది ఎవరికీ చెప్పలేదు. "తడిశావా?" అని ఆ రోజు ఆవిడ సొంత మావయ్య అడిగాడు. వెనక తోటిపిల్లలు చూసి నవ్వుతున్నారు. "మొత్తం తడిశాను! ఛీ, నాతో రాకు!" అని చెయ్యి విడిపించుకుని ఆవిడ ముందుకు పరుగెత్తింది. సందు తిరిగేముందు వెనక్కి చూస్తే, ఆయన ఆ ఊచల్ని జాగ్రత్తగా ముడిచి, పట్టీ బిగించి, ఎప్పటిలాగే చంకలో పెట్టుకుంటున్నాడు. సీరియల్ మొదలవకముందే ఆయన పోయాడు. ఆయన్ని చూసి ఇన్ని ఇళ్ళల్లో నవ్వుకున్నారని ఆయనకి తెలియదు. స్క్రిప్టులో అక్క ఆ చెయ్యి విదిలించుకోవడం తీసేసి, "మొత్తం తడిశాను మావయ్యా!" అన్న మాట మాత్రం ఉంచింది. నవ్వొచ్చే మాటేగా అనుకుంది.

శుక్రవారం పెద్దాయన వచ్చాడు. కాగితాలు చదివి, మఫ్లరు తీసి కుర్చీకి తగిలించాడు. ఆయన ఒప్పుకున్నట్టు అదే గుర్తు. తీరా చూస్తే మేనకోడలికి గొంతిచ్చే ఆవిడకి జ్వరం. ఆమె మాటలు తర్వాత చేర్చుకోవచ్చు గానీ, ఎదురుగా ఎవరో ఒకరు పెద్దాయనకి మాట అందివ్వాలి. అక్కే లోపలికి వెళ్ళి రెండో మైకు ముందు నిలబడింది.

పెద్దాయన గొంతు అరిగిపోయి ఉంది. మధ్యమధ్య ఆగి నీళ్ళు తాగాల్సి వచ్చింది. అయినా ఈ కథలో అరుపుల్లేవు, రాకెట్లు లేవు, గొంతు చించుకోనక్కర్లేదు. గొడుగు తెరిచేచోట చిన్నగా మూలిగాడు, గుడ్డ ఊడి చేతిలోకి వచ్చినచోట కాసేపు ఊరుకున్నాడు. అద్దం అవతల చిత్రగుప్తుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు. కొత్తమ్మాయి నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటోంది.

"చూశావా అమ్మడూ" అన్నాడు పెద్దాయన. "నేను పక్కనుండబట్టి సరిపోయింది. లేకపోతే ఎంత తడిసిపోయేదానివి! ఏం, తడిశావా?"

కాగితం అక్క చేతిలోనే ఉంది. తను రాసుకున్న మాటే. నోరు తెరిస్తే అది రాలేదు.

"లేదు మావయ్యా" అంది. "అస్సలు తడవలేదు."

అవతల సౌండింజనీరు ఆపమంటారా అన్నట్టు చెయ్యి ఎత్తాడు. చిత్రగుప్తుడు ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించాడు. పెద్దాయన తన కాగితాన్ని చూడలేదు. అక్క మొహంలోకి చూశాడు, ఒక్కసారి ఊపిరి తీసుకున్నాడు, ఇరవై ఏళ్ళ కిందటి మావయ్య గొంతుతో దర్జాగా అన్నాడు:

"మరి? గొడుగంటే ఏమనుకున్నావ్!"