నమ్మకమైన చోటు

"ఈ ఫోను ఎవడైనా లాక్కుపోతే? నా డబ్బంతా ఊడ్చేస్తే?" బ్యాంకు కౌంటర్లోని అమ్మాయిని ఆమె మళ్లీ అడిగింది. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే ఆమెకు భయం కొత్త కాదు. గ్యాసు కట్టేశానో లేదో, కుడి చెవి వినిపించని కూతురు వెనక లారీ వస్తే పక్కకి తప్పుకుంటుందో లేదో. ఎవరి ఫోను మోగినా ముందు ఆమె గుండె జారుతుంది. కూతురి చెవికి మిషను కొనాలనే ఈ దాచుకోవడమంతా.

"కంగారు పడకండి ఆంటీ. మీకు నమ్మకమైన చోటు ఒకటి ఫోనులోని ఈ బ్యాంకు యాప్‌లో గుర్తు పెట్టుకోండి. ఫోను అక్కడున్నప్పుడే డబ్బు బయటికెళ్తుంది. ఆ చోటు మార్చాలన్నా అక్కడికే వెళ్లాలి. అందరూ ఇల్లే పెట్టుకుంటారు."

ఇల్లు. నొక్కబోయిన వేలు ఆగిపోయింది. దొంగ వస్తాడని ఇన్నాళ్లూ ఆమె వీధి వైపే చూసింది. డబ్బు పోయినప్పుడల్లా మాత్రం ఫోను వంటగట్టు మీదే ఉంది. తను అంట్ల దగ్గరో, స్నానంలోనో ఉంది. "మొగుడికి తెలీని పిన్ నంబరేంటే? నీదీ నాదీ అని ఎప్పట్నించి?" అన్నాడు భర్త, ఆ డబ్బుతో బండికి కొత్త టైర్లు వేయించుకుని. "ఒక చెవి బాగానే ఉందిగా దానికి. రెండోది దేనికి, నీ సణుగుడు వినడానికా?" అని అత్తగారు నవ్వింది. తనూ నవ్వేసింది.

"తరవాత పెట్టుకుంటానమ్మా," అని లేచి, పనికి వెళ్లి, బట్టలారబెట్టే మిషన్ల వేడిలో నిలబడి ఆ చోటునే ఫోనులో గుర్తు పెట్టింది.

సాయంత్రం ఆమె గిన్నెలు తోముతుంటే వెనక నుంచి భర్త గొంతు. "ఏంటే ఇది? ఈ చోటి నుంచి డబ్బు పంపడం కుదరదంటోంది! ఇంట్లోనే ఉన్నాంగా. ఏ చోటు పెట్టావ్?"

ఆమె తోముతూనే ఉంది. అరుస్తాడు. గిన్నె విసురుతాడు. పక్కింటివాళ్లు వింటారు. పొమ్మంటే పిల్లనేసుకుని ఎక్కడికి పోవాలి? తోమిన గిన్నెనే మళ్లీ తోమింది.

"నిన్నే! నీకూ చెవుడొచ్చిందా?"

గుమ్మంలో కూర్చుని చదువుకుంటున్న కూతురు ఎడమ చెవి ఇటు తిప్పింది.

ఆమె కుళాయి కట్టేసింది.

"వినపడింది. ఇల్లు పెట్టలేదు," అంది, కూతురికి కూడా వినపడేలా.