సందులోకి తిరిగిన బాణం

ఏటా సెలవురోజున ఊళ్ళో జరిగే సరదా పరుగుకి, పరిగెత్తేవాళ్ళకి దారి చూపే బాణాలు రోడ్డు పొడవునా గీసేది అక్కే. ఈసారి కాలికి సిమెంటు కట్టుతో కిటికీ దగ్గర కూలబడింది. "నీకివ్వడమంటే కోతికి కొబ్బరికాయ ఇచ్చినట్టే" అని గొణుగుతూనే సున్నం డబ్బా తమ్ముడి చేతిలో పెట్టింది.

తమ్ముడిది ఇళ్ళకి రంగులేసే పని. పెద్దవీధి పొడవునా తీరుగా గీసుకుంటూ వచ్చి, బాణాన్ని తమ సందులోకి తిప్పాడు. వెంట ఉన్న మేనకోడలు నోరెళ్ళబెట్టింది.

"మావయ్యా, ఈ సందుకి అవతల దారే లేదు! అందరూ పోయి గోడకి గుద్దుకోవాలా?"

"వెనక్కి తిరుగుతారులే" అంటూ అతను అక్క కిటికీ కింద గుండ్రంగా ఒక బాణం గీశాడు.

పైన కిటికీ రెక్క తెరుచుకుంది. అక్క కిందికి తొంగిచూసింది.

"అంత ఇరుగ్గా తిప్పితే ఎలారా, మొద్దూ? చెరిపి పెద్దగా గీయి. అందరూ నెమ్మదిగా తిరగాలి."